ఆ పాపం నేను చేశానా?



మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే క్రైస్తవ యువతీయువకులకు నేను బైబిలు పాఠాలు చెబుతుంటాను. వాళ్లు పగలు అడిగే ప్రశ్నలు వేరు, రాత్రి అడిగే ప్రశ్నలు వేరు. పగలు అడిగేవి పెళ్లి సంబంధాల గురించి, దశమభాగం మొత్తం జీతం మీదా లేక చేతికొచ్చేదాని మీదా అన్న లెక్క గురించి, వీసా రావాలని ఉపవాసం ఉండొచ్చా అన్న సంగతి గురించి. రాత్రి ఒంటిగంట దాటాక, షిఫ్టు మధ్యలో ఫోనుకు వచ్చే ప్రశ్న మాత్రం తరచుగా ఒకటే. "అంకుల్, క్షమాపణ లేని పాపం ఒకటి ఉందట కదా. అది నేను చేసేశానేమోనని భయంగా ఉంది."

ఈ ప్రశ్న మోసాలు చేసి దర్జాగా తిరిగేవాళ్లు అడగరు. ప్రార్థన మానని పిల్లలు అడుగుతారు. రోజూ బైబిలు చదివేవాళ్లు అడుగుతారు. ఈ తేడాను బట్టే నాకు సగం జవాబు దొరికిందనుకుంటాను. మిగతా సగం కోసం వాక్యం దగ్గరికి, చరిత్ర దగ్గరికి, కొంచెం వైద్యం దగ్గరికి కూడా వెళ్లాలి.

క్రైస్తవులు కాని శ్రోతలకు ఇదంతా వింతగా ఉండొచ్చు. పంచమహాపాతకాలకు కూడా, ఎంత కఠినమైనదైనా, ఏదో ఒక ప్రాయశ్చిత్తం చెప్పాయి మన ధర్మశాస్త్రాలు. సిలువ మీద ఉండి కూడా తనను చంపేవాళ్ల కోసం ప్రార్థించిన యేసు నోట క్షమించబడని పాపం అన్న మాట ఎందుకు వచ్చింది? న్యాయమైన సందేహమే.

మొదట ఈ పిల్లలు ఎక్కణ్ణుంచి వచ్చారో చెప్పనివ్వండి. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి ఆ చుట్టుపక్కల రాళ్లగుట్టలే ఎక్కువ. ఇవాళ అయ్యప్ప సొసైటీ హాస్టళ్లలో ఉండే క్రైస్తవ పిల్లల్ని మీ సొంతూరేదని అడిగితే తెలుగు సంఘాల చరిత్ర వరసగా బయటికొస్తుంది. ఒకరిది ఒంగోలు. 1878 జులై 3న, పెద్ద కరువు వెనకాలే, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులు మారుతూ ఇచ్చారు. ఇంకొకరిది మెదక్. అక్కడ పాస్నెట్ దొర కట్టించిన మహాదేవాలయాన్ని 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు. మరొకరిది దోర్నకల్ వైపు, అజరయ్య బిషప్ గారు పల్లె పల్లెకూ తిరిగిన ప్రాంతం.

ఆ పల్లెల్లో పాపం గురించిన మాట ఒంటరిగా ఎవరి చెవినా పడేది కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోంచి పాట ఎత్తుకునేవాళ్లు. పురుషోత్తం చౌదరి గారి కీర్తనల్లో పాపి ఏడుపూ ఉంటుంది, ఆ ఏడుపు విన్న దేవుడూ ఉంటాడు. రెండూ ఒకే పాటలో. పాట అయ్యాక సంఘపెద్ద వాక్యం చదివేవాడు. అర్థం కాకపోతే గుడి అరుగు మీదే అడిగేవాళ్లు. ఇప్పుడు అదే వాక్యం ఒక పిల్లకు హాస్టలు మంచం మీద, చెవిలో ఇయర్‌ఫోన్ల గుండా, నలభై సెకన్ల వీడియోగా చేరుతోంది. వెనక ఉరుముల శబ్దం, ఎర్రటి అక్షరాలు. ముందు వాక్యం లేదు, వెనక వాక్యం లేదు. అది చూసిందని తెలుసుకున్న యంత్రం అలాంటివే మరో పది ముందు పెడుతుంది. ఆ యంత్రాలు రాసేవాళ్లలో కొందరు ఆ పక్క వీధిలోనే పనిచేస్తూ ఉంటారనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు వాక్యం చూద్దాం. మత్తయి సువార్త 12వ అధ్యాయం, మార్కు సువార్త 3వ అధ్యాయం. లూకా కూడా 12వ అధ్యాయంలో క్లుప్తంగా ప్రస్తావించాడు. మత్తయి చెప్పిన కథ ఇది. దయ్యం పట్టి, చూపూ మాటా రెండూ పోయిన ఒక మనిషిని యేసు దగ్గరికి తెచ్చారు. ఆయన బాగుచేశాడు. ఆ మనిషి చూశాడు, మాట్లాడాడు. జనం నివ్వెరపోయి, మనం ఎదురుచూస్తున్న దావీదు కుమారుడు ఈయనేనా ఏమిటి అని గుసగుసలాడుకున్నారు. అక్కడ పరిసయ్యులనే మతపెద్దలున్నారు. మార్కు ప్రకారమైతే యెరూషలేము నుంచి పనిగట్టుకుని దిగిన శాస్త్రులు. వీళ్లకు ఒక చిక్కు వచ్చిపడింది. ఆ మనిషికి చూపు రాలేదని అనలేరు, ఎదురుగా చూస్తున్నాడు. మాట రాలేదని అనలేరు, మాట్లాడుతున్నాడు. అందుకని ఒక దారి వెతుక్కున్నారు. ఇతను దయ్యాల అధిపతి బయెల్జెబూలు సాయంతో దయ్యాల్ని వెళ్లగొడుతున్నాడు అన్నారు.

మత్తయి ఇంకో సంగతి కూడా చెప్తాడు. అదే అధ్యాయంలో కాస్త ముందు, చెయ్యి ఎండిపోయిన ఒకతణ్ణి విశ్రాంతిదినాన యేసు బాగుచేస్తే, పరిసయ్యులు బయటికెళ్లి ఈయన్ని ఎలా చంపాలా అని ఆలోచన చేశారు. అంటే బయెల్జెబూలు మాట నోరుజారి వచ్చింది కాదు. తీర్పు ముందే రాసేసుకున్నారు. సాక్ష్యాన్ని దానికి తగ్గట్టు వంచడమే మిగిలింది.

అప్పుడు యేసు అన్న మాటలో రెండు భాగాలున్నాయి. మొదటిది, మనుషులు చేసే పాపాలన్నిటికీ, ఆడే దూషణలన్నిటికీ క్షమాపణ ఉందని. రెండోది, పరిశుద్ధాత్మను దూషిస్తే లేదని. మన వీడియోలన్నీ రెండో భాగం దగ్గర మొదలవుతాయి. మొదటి భాగం ఎంత పెద్దదో చూడండి. మనుష్యకుమారుడికి, అంటే తనకే, వ్యతిరేకంగా మాట్లాడినా క్షమాపణ ఉందన్నాడు. ఇంత వెడల్పైన వాగ్దానం బైబిలు మొత్తంలో చాలా కొద్దిచోట్ల ఉంటుంది. మార్కు ఇంకో మేలు చేశాడు. యేసు ఆ హెచ్చరిక ఎందుకు చేశాడో కారణం కూడా రాసిపెట్టాడు: ఆయనకు అపవిత్రాత్మ పట్టిందని వాళ్లు అంటూ ఉన్నారు గనక. కారణాన్ని పక్కనపెట్టి శిక్షను మాత్రమే చదవడం న్యాయస్థానంలో కూడా కుదరదు.

ఒక్క విషయం మీరే తెరిచి చూసుకోండి. ఆ పరిసయ్యులతో కూడా, మీరు ఆ పాపం చేసేశారు, మీ పని అయిపోయిందని యేసు అనలేదు. హెచ్చరించాడు. పని అయిపోయినవాళ్లను హెచ్చరించే అవసరం ఏముంటుంది?

మరి పరిశుద్ధాత్మ విషయంలోనే ఎందుకంత గట్టిగా అన్నాడు? క్రైస్తవ బోధలో మనిషి మనసుకు తన తప్పు తెలిపేదీ, మారుమనస్సు వైపు లాగేదీ పరిశుద్ధాత్మే. మన భాషలో చెప్పుకుందాం. ఎండాకాలం కొండాపూర్‌లో బోర్లు ఎండిపోయి, వీధంతా ట్యాంకరు మీద ఆధారపడి ఉంది. ఒకాయన వచ్చిన ప్రతి ట్యాంకరునూ విషమని చాటి, గేటు దగ్గరే తిప్పి పంపేస్తున్నాడు. ఆయన దాహంతో పోతే, నీళ్లు ఇవ్వనని అన్నవాడు ఎవడూ లేడు. క్షమించే దేవుడి దగ్గర క్షమ అయిపోవడం కాదిది. దాన్ని తెచ్చే ఒకే ఒక్క దారిని మనిషి తెలిసి తెలిసి దయ్యపుదని ముద్రవేసి మూసేసుకోవడం. దాహం వేస్తోంది, నీళ్లు దొరుకుతాయా అని అర్ధరాత్రి నాకు ఫోను చేసే పిల్ల ఆ గేటు దగ్గరి మనిషి కాదు.

ఇది నా సొంత కవిత్వమేమీ కాదు. బైబిల్లో ఇంతకన్నా కష్టమైన ప్రశ్న లేదేమో అని ఒప్పుకుంటూనే పాతకాలపు సంఘ బోధకుడు అగస్టీన్ దీనిమీద పెద్ద ప్రసంగం చేశాడు. చచ్చేదాకా మారకుండా, క్షమను తోసేస్తూ ఉండిపోవడమే ఆ పాపం అని తేల్చాడు. దీన్నిబట్టి బతికున్న ఏ మనిషినీ చూపించి ఇతను ఆ పాపం చేశాడని చెప్పే వీలు లేదు. ఇంకో పాత బోధకుడు క్రిసొస్తొమ్ ఇంకాస్త ముందుకెళ్లి, యేసును అలా దూషించినవాళ్లలోనే కొందరు తర్వాత నమ్మారనీ, వాళ్లకు క్షమాపణ దొరికిందనీ అన్నాడు. మధ్యయుగపు పండితుడు థామస్ అక్వినాస్ ఈ పాపంలో ఆరు రకాలు లెక్కపెట్టాడు. వాటిలో నిరాశ కూడా ఉంది. ఆ ఒక్కమాట చూసి బెంబేలెత్తేవాళ్లున్నారు. ఆయన చెప్పిన నిరాశ, దేవుడి కనికరం నాకక్కర్లేదని బుద్ధిపూర్వకంగా తీసుకునే నిర్ణయం. నెల రోజులుగా నిద్రలేక గుండె బరువెక్కిన మనిషి దిగులు కాదు. 1986లో రెండవ జాన్ పాల్ పోపు గారు పరిశుద్ధాత్మ గురించి రాసిన లేఖలో కూడా ఇదే దారిలో నడిచారు: మాటలతో తిట్టడం ఆ పాపం కాదు, ఆత్మ ద్వారా వచ్చే రక్షణను ఒప్పుకోకుండా ఉండిపోవడమే ఆ పాపం అన్నారు. ప్రొటెస్టెంటు వ్యాఖ్యాతల్లో కొందరు, ఇది యేసు శరీరంతో తిరిగిన రోజుల్లోనే సాధ్యమైన పాపం అంటారు. నాకు ఆ వాదన అంతగా నచ్చదు, మరీ సుళువుగా తప్పించుకున్నట్టుంటుంది. అయినా ఎవరి వాదన తీసుకున్నా, నోట్లోంచి ఫలానా నాలుగు మాటలు వస్తే చాలు, తలుపు పడిపోతుందన్న లెక్క ఎక్కడా లేదు.

2006లో అమెరికాలో కొందరు నాస్తికులు సరిగ్గా ఆ లెక్కనే పట్టుకున్నారు. పరిశుద్ధాత్మను కాదంటున్నానని వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టమని కుర్రవాళ్లను పిలిచారు, మొదటి 1,001 మందికి ఒక డీవీడీ ఉచితం. భయపెట్టే బోధకులూ ఈ నాస్తికులూ ఒకే పొరపాటు దగ్గర చేతులు కలిపారు. ఇద్దరూ దాన్ని మంత్రమనుకున్నారు.

సంఘం ఈ ప్రశ్నను కాగితం మీద కాదు, రక్తంతో ఎదుర్కొన్న సందర్భం ఒకటుంది. క్రీస్తు శకం 250లో రోమా చక్రవర్తి డెసియస్, ప్రజలందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు సర్టిఫికెట్టు తీసుకోవాలని ఆజ్ఞ వేశాడు. చాలామంది క్రైస్తవులు ప్రాణభయంతో బలి అర్పించారు. కొందరు డబ్బిచ్చి సర్టిఫికెట్టు కొనుక్కున్నారు. గొడవ సద్దుమణిగాక ఏడుస్తూ తిరిగొచ్చారు. నొవేషియన్ అనే రోమా పెద్ద, వీళ్లను చేర్చుకునే అధికారం సంఘానికి లేదన్నాడు. కార్తేజి బిషప్ సిప్రియన్, రోమా బిషప్ కొర్నేలియస్ ఒప్పుకోలేదు. పశ్చాత్తాపపడిన వాళ్లను తగిన కాలం తర్వాత చేర్చుకోవాలన్నారు. 325లో నికయా మహాసభ కూడా, నొవేషియన్ వర్గంవాళ్లు తిరిగి కలవాలంటే అలా పడిపోయి లేచినవాళ్లతో సహవాసం చేయడానికి ఒప్పుకోవాలని షరతు పెట్టింది. యేసును ఎరగనని మూడుసార్లు, ఒట్టుపెట్టి మరీ బొంకిన పేతురును పెద్ద అపొస్తలుడిగా చెప్పుకునే సంఘం ఇంకోలా ఎలా తీర్పు చెప్పగలదు?

అంత దూరం పోనక్కర్లేదు. మన హైదరాబాదులోనే, గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర, భక్త్ సింగ్ గారి హెబ్రోను మందిరం ఉంది. ఆయన పేరు చెబితే తెలుగు విశ్వాసుల్లో పాతతరం వాళ్లు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి మాట్లాడతారు. ఆయన 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. క్రైస్తవమంటే గిట్టేది కాదు. చదువుకునే రోజుల్లో చేతికొచ్చిన బైబిలు పుటలన్నీ చించిపారేసి, తోలు అట్ట బాగుందని దాన్ని మాత్రం దాచుకున్నారు. ఈ సంగతి ఎవరో ఆయన మీద పుట్టించింది కాదు. సాక్ష్యం చెప్పేటప్పుడు ఆయనే చెప్పేవారు. తర్వాత ఇంగ్లండులో ఇంజనీరింగు చదివి, 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఉండగా ఒక స్నేహితుణ్ణి బైబిలు అడిగి తెచ్చుకుని చదవడం మొదలుపెట్టారు. చించిన పుస్తకమే. ఈసారి చదివారు. 1933లో ఇండియాకు తిరిగొచ్చి వీధుల్లో సువార్త చెప్పారు. మద్రాసులో మొదలైన ఆ సహవాసాలు దేశమంతా పాకాయి, హెబ్రోను వాటికి కేంద్రమైంది. అక్కడి పరిశుద్ధ సమావేశాలకు ఆంధ్ర పల్లెల నుంచి చాపలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. అందరూ నేలమీద వరసగా కూర్చుని ప్రేమవిందు తినేవాళ్లు, కులమేదని అడిగే దిక్కు లేదు. 2000 సెప్టెంబరు 17న ఆయన హెబ్రోనులోనే కన్నుమూశారు. 

బైబిలు చించడం దూషణ కాదంటారా? అంతకన్నా బాహాటమైన దూషణ ఏముంటుంది? ఒక వెకిలి ఆలోచన మనసులో మెరిసినందుకు తనకిక దిక్కులేదనుకునే పిల్లవాడికి నేను ముందుగా ఈ కథే చెబుతాను. ఆయనకు ముందు పౌలు ఉన్నాడు. తాను దూషకుణ్ణనీ, సంఘాన్ని హింసించేవాణ్ణనీ, తెలియక చేశాను గనక కనికరం పొందాననీ తిమోతికి రాసిన ఉత్తరంలో రాసుకున్నాడు.

ఇక్కడ నాకు కొంచెం కోపం వచ్చే విషయం ఒకటుంది, దాచుకోను. ఈ వాక్యాన్ని కర్రలా వాడే బోధకులున్నారు. కానుకల లెక్క చూపించమంటే, అభిషిక్తుణ్ణి ప్రశ్నించావు, అది పరిశుద్ధాత్మ దూషణ అంటారు. స్వస్థత జరిగిందని చెప్పిన చోట ఆస్పత్రి రిపోర్టు అడిగితే, జాగ్రత్త, క్షమాపణ లేని పాపం అంటారు. గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో జరిగే సెల్ మీటింగు కావచ్చు, పల్లెలో పందిరి కింద కూడిక కావచ్చు, ఈ బెదిరింపు ఒకటే. వాళ్లను ఒక ప్రశ్న అడగాలి. యేసు ఆ మాట అన్నది ఎవరితో? సందేహపడిన సామాన్యులతో కాదు. పక్కన నిలబడి ఈయన దావీదు కుమారుడేనా అని అనుమానంగా గొణుక్కున్న జనాన్ని ఒక్కమాట అనలేదు. ఆయన హెచ్చరించింది వేదం చదివినవాళ్లను, మతపెద్దలను, ఏది దేవుడి పనో ఏది దయ్యం పనో తేల్చే అధికారం మాదేనన్నవాళ్లను. ఆ వాక్యంలో వేలు వేదిక వైపు చూపిస్తోంది. దాన్ని తీసుకుని వేదిక మీదివాళ్లే కిందివాళ్లకు గురిపెట్టడం తలకిందుల బోధ. లెక్క అడగడం పాపం కాదు. ఆత్మలను పరీక్షించమని యోహాను పత్రికే చెబుతోంది.

పడిపోయినవాళ్లకు ఇక దారి లేదన్నట్టున్న హెబ్రీ పత్రిక 6వ అధ్యాయం మాటేమిటి, 10వ అధ్యాయం మాటేమిటి అని అడుగుతారు. నిజమే, అవి కటువైన మాటలు. కానీ 6వ అధ్యాయంలో అంత గట్టిగా హెచ్చరించిన రచయితే, మీ విషయంలో మాకు మంచి నమ్మకముందని అక్కడికక్కడే అన్నాడు. హింసకు భయపడి వెనక్కి తిరగబోతున్నవాళ్లను నిలబెట్టడానికి రాసిన ఉత్తరమది, తిరిగొస్తున్నవాళ్ల ముఖాన తలుపు వెయ్యడానికి రాసింది కాదు.

ఇక వైద్యం సంగతి. దీనికి ఎక్కువ సమయం తీసుకుంటాను.

ప్రార్థనలో కూర్చున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఉన్నట్టుండి పరిశుద్ధాత్మ గురించి ఒక బూతుమాట మనసులో మెదిలింది. తను కోరుకున్నది కాదు. భయపడి ఆ మాటను తోసేసింది. తోసిన కొద్దీ రెట్టింపు బలంతో వచ్చింది. క్షమించమని ప్రార్థించింది, ఆ ప్రార్థనలో మళ్లీ వచ్చింది. ప్రార్థన సరిగ్గా కాలేదని మొదటినుంచీ మొదలుపెట్టింది. గంట గడిచింది. తర్వాత ఆ మాట నేను మనస్ఫూర్తిగా అన్నానా, దానంతటదే వచ్చిందా అని మనసును తిరగేసి తిరగేసి వెతికింది. ఫోనులో వెతికింది. పాస్టరు గారిని అడిగితే, లేదమ్మా అన్నారు. పది నిమిషాలు ప్రాణం కుదుటపడింది. మళ్లీ మొదలు.

ఇది అబ్సెసివ్ కంపల్సివ్ డిసార్డర్, క్లుప్తంగా ఓసీడీ అనే జబ్బు వేసుకునే వేషాల్లో ఒకటి. చేతులు పదేపదే కడుక్కునే ఓసీడీ అందరికీ తెలుసు. మనసును పదేపదే కడుక్కునే ఓసీడీ కూడా ఉంది. ఎవరికి ఏది ప్రాణప్రదమో దాన్నే పట్టుకుంటుంది ఈ జబ్బు. పసిపాపను ప్రాణంగా చూసుకునే తల్లికి పాపకు హాని చేస్తానేమోనన్న ఆలోచన వస్తుంది. దేవుణ్ణి ప్రేమించేవాడికి దేవుణ్ణి తిట్టే ఆలోచన వస్తుంది. అక్కరలేని, అసహ్యమైన ఆలోచనలు ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్లో చాలామందికి వస్తాయని 1978లోనే రాక్‌మన్, డి సిల్వా అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. మామూలు మనిషి ఛీ అనుకుని వదిలేస్తాడు. జబ్బు ఉన్న మనిషి దానికి అర్థం వెతుకుతాడు. నిద్ర చెడితే ఇది ముదురుతుంది. అమెరికా పగలును మన రాత్రిగా చేసుకుని బతికే ఈ ఐటీ కారిడారులో నిద్ర ఎవరికి సరిగ్గా ఉంది?

ఇది కొత్త బాధేమీ కాదు. జాన్ బన్యన్ అని పదిహేడో శతాబ్దపు ఇంగ్లండు మనిషి. గిన్నెలకు మాట్లు వేసే వృత్తి. ఆయన రాసిన యాత్రికుని ప్రయాణం తెలుగు క్రైస్తవ ఇళ్లలో బైబిలు పక్కన ఉండేది. ఆయన 1666లో రాసిన ఆత్మకథ చదివితే గుండె పట్టేస్తుంది. క్రీస్తును అమ్మెయ్యమని లోపల ఒక గొంతు రాత్రీ పగలూ, భోజనం దగ్గరా పని దగ్గరా సతాయించేది. చివరికి అలసిపోయి ఒకరోజు, పోతే పోనీ అన్నట్టు ఒక ఆలోచన ఆయన మనసులో కదిలింది. అంతే, నేను ఏశావులా జ్యేష్ఠత్వం అమ్ముకున్నాను, నాకిక క్షమాపణ లేదని చాలా కాలం నలిగిపోయాడు. స్పియెరా అనే ఇటలీ న్యాయవాది కథ ఉన్న పుస్తకం దొరికి అది మరీ పుండుమీద కారమైంది. 1548లో మతవిచారణకు జడిసి తన విశ్వాసాన్ని కాదని ఒప్పుకుని, నేను నరకానికే అంటూ కుమిలి చనిపోయిన మనిషాయన. ఇవాళ వీడియో మీద వీడియో చూడడం లాంటిదే ఆనాడు ఆ పుస్తకం. బన్యన్ గట్టెక్కాడు. జైల్లో పన్నెండేళ్లు ఉండి కూడా ఎంతోమందికి ధైర్యం చెప్పాడు.

విలియం కూపర్ గట్టెక్కలేదు. పద్దెనిమిదో శతాబ్దపు కవి. రక్తపు ఊట ఎంతటి పాపినైనా కడుగుతుందని ఆయన రాసిన కీర్తన ఇంగ్లీషు ఆరాధనల్లో ఇప్పటికీ పాడుతున్నారు. 1773లో వచ్చిన ఒక కలలో, నీ పని అయిపోయిందన్న తీర్పు విన్నాననుకున్నాడు. అప్పటినుంచి 1800లో చనిపోయేదాకా మళ్లీ గుడిలో అడుగుపెట్టలేదు. ఊరంతా ఆయన పాట పాడి ఊరట పొందుతుంటే, ఆ ఊరట తనకొక్కడికే లేదనుకుని ఇరవై ఏడేళ్లు బతికాడు. ఆయనకు దొరకనిది దేవుడి క్షమ కాదని నా నమ్మకం. ఆయనకు దొరకనిది మందు. అప్పటికి అది ఇంకా పుట్టలేదు.

ఇప్పుడు ఉంది. భయపెట్టే ఆలోచనను రానిచ్చి, దానికి బదులుగా చేసే ఉపశాంతి పనులు, అంటే మళ్లీ మళ్లీ ప్రార్థించడం, వెతకడం, అడగడం, మెల్లమెల్లగా మాన్పించే చికిత్స ఉంది. దానితోపాటు మందులూ ఉన్నాయి. ఇక్కడ పాస్టర్లకూ, తల్లిదండ్రులకూ ఒక మాట. ఈ బాధ పడేవాళ్లు అడిగిన ప్రతిసారీ లేదు లేదు అని భరోసా ఇస్తూ పోవడం జబ్బుకు మేత. ఒక్కసారి ఓపిగ్గా, వాక్యం తెరిచి చెప్పండి. రెండోసారి అడిగితే, దీనికి జవాబు నేను చెప్పేశాను, ఇప్పుడు డాక్టరు దగ్గరికి కలిసి వెళ్దాం అనండి. మనాళ్లకు ఇది కొత్తగా ఉంటుంది గానీ పాతకాలం గురువులకు తెలుసు. ఇగ్నేషియస్ లొయోలా 1522లో మన్రేసాలో ఉండగా, ఒకసారి ఒప్పుకున్న పాపాలనే మళ్లీ మళ్లీ పాపసంకీర్తనంలో ఒప్పుకుంటూ, ప్రాణం తీసుకోవాలనేంత దాకా వెళ్లాడు. పాతవాటిని ఇక ఎత్తనని గట్టిగా నిర్ణయించుకున్నాకే ఆ పట్టు వదిలింది.

అలాగని ప్రతి భయాన్నీ జబ్బు ఖాతాలో వెయ్యను. అమీర్‌పేటలో దొంగ ఎక్స్‌పీరియన్సు లెటరు కొని ఉద్యోగంలో చేరిన కుర్రాడు, నేను చేసింది క్షమాపణ లేని పాపమా అని అడిగితే, కాదు నాయనా, దాని పేరు అబద్ధం అని చెబుతాను. దానికి మందు డాక్టరు దగ్గర లేదు, సరిదిద్దుకోవడంలో ఉంది. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. పెద్ద పేరున్న పాపం వెనక దాక్కుంటే, చిన్న పేరున్న పాపాన్ని సరిచేసే పని తప్పుతుంది. అది కూడా ఒక తెలివే.

చివరిగా, చెప్పకుండా దాటలేని విషయం. ఆత్మహత్యే క్షమాపణ లేని పాపం అని మన ఊళ్లలో చాలామంది నమ్ముతారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ఆ మాట అనడానికి కూడా వెనకాడనివాళ్లున్నారు. బైబిల్లో ఎక్కడా అలా రాసి లేదు. 1917 నాటి కతోలిక ధర్మచట్టం, బుద్ధిపూర్వకంగా ప్రాణం తీసుకున్నవాళ్లకు సంఘపరమైన భూస్థాపన వద్దంది. 1983 చట్టంలో ఆ నిషేధం లేదు. 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథం, వాళ్ల రక్షణ విషయంలో ఆశ వదులుకోకూడదంటుంది, వాళ్ల కోసం ప్రార్థించమంటుంది. మన దేశపు చట్టం కూడా మారింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించాలనీ, శిక్షించకూడదనీ అంటుంది. పార్లమెంటుకు తోచిన ఈ పాటి దయ సంఘానికి తోచకపోతే ఎలా? ఇంటి మనిషి భూస్థాపనకు రామనే పాస్టరు గారికి ఈ మాట గుర్తుచేయండి.

బోధకులకు నా మనవి ఒక్కటే. ఈ వాక్యం మీద వీడియో చేస్తే ఒక వచనం ముందునుంచి మొదలుపెట్టండి. పాపాలన్నిటికీ క్షమాపణ ఉందన్న మాట కూడా వినపడనివ్వండి.

ఇక ఈ ప్రసంగాన్ని ఏ రాత్రో ఒంటరిగా వింటున్న అమ్మాయీ, అబ్బాయీ, మీతో ఒక మాట. ఆ పాపం చేశాననే భయం మిమ్మల్ని వారాల తరబడి తినేస్తుంటే, ఇంకో వీడియో తెరవకండి. మీ సంఘంలో మీరు నమ్మే పెద్దకో, ఇంట్లో అమ్మకో అక్కకో చెప్పండి. మానసిక వైద్యుణ్ణి కలవండి, విశ్వాసం తక్కువై వెళ్లడం కాదది. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. బతకాలనిపించని ఆలోచన వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు, పక్కగదిలో ఎవరుంటే వాళ్లను లేపండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అనే సేవ ఉంది. నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.